ఐసు పెట్టె

బురద ఎగిరి యేసుకుమార్ తెల్లచొక్కా మీద పడింది. కొంచెమా! అందులో ఒక మడి వరినారు పోసుకోవచ్చు.

"ఓయమ్మా! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?"

స్కూటీ ఆగలేదు. వెనక కట్టిన ఐసు పెట్టె ఊగుతూ పోయింది.

"చేపలదానా! మళ్ళీ దొరక్కపోతావా?" పళ్ళు నూరాడు.

అసలే మనసు బాగోలేదు. భార్య మార్తకు రక్తనాళాలు వాచే జబ్బు.

"ఒంట్లో కాపలా కుక్కలే ఇంట్లోవాళ్ళని కరుస్తున్నాయయ్యా," అన్నారు నిన్న డాక్టరుగారు. "జబ్బు మళ్ళీ లేచిందో లేదో రక్తమే చెప్పాలి. రేపు సాయంత్రం నేను ఊరెళ్తున్నా, ఈలోగా రిపోర్టు కావాలి. మందు పెంచడం ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతింటాయి."

ఇవాళ పొద్దున్నే ఉయ్యూరులో రక్తం తీసే సెంటర్లో మార్త రక్తమిచ్చింది. రిపోర్టు కోసం అతను బండి మీద బెజవాడ పెద్ద ల్యాబుకి బయల్దేరాడు.

కంకిపాడులో సోడాకొట్టు ముందు అదే స్కూటీ! ఆవిడ లోపల పెట్టెలోకి ఐసు కొట్టించుకుంటోంది.

యేసుకుమార్ అటూ ఇటూ చూసి రెండు చక్రాల్లో గాలీ తీసేశాడు. ఆ బుస్సుమనే చప్పుడు అతనికి చర్చి పాటంత కమ్మగా వినిపించింది.

ఆవిడ బయటికొచ్చింది. చక్రాలు చూసింది. బండెక్కుతున్న అతని దగ్గరికే పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, బెజవాడేనా? కాస్త ఎక్కించుకోండి! ఈ పెట్టె టైముకి చేరకపోతే పాడైపోద్దండీ!"

"కుళ్ళనియ్యి! నీ చేపల కంపు నా బండికెందుకు?"

"చేపలేంటండీ..."

అతను అప్పటికే బండి దూకించాడు. బెజవాడ దాకా ఈలేసుకుంటూ పోయాడు.

"మార్తగారి శాంపిల్ ఇంకా రాలేదండీ," అంది ల్యాబులో కౌంటరమ్మాయి.

"పొద్దున్నేగా ఇచ్చాం!"

"దార్లో ఉందండీ. మరీ లేటైతే ఆ రక్తం పనికిరాదు, మళ్ళీ ఇవ్వాలి."

"తెచ్చేవాడెవడు? రానీ, వాడి సంగతీ చెప్తా!" చేతులు మడిచి గుమ్మం దగ్గరే కాపు కాశాడు.

పొద్దు వాలింది. ఫోన్ మోగింది.

"రిపోర్టేదయ్యా? నేను రైలెక్కేస్తున్నా," అన్నారు డాక్టరుగారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

సగం దూరం నడిచి, సగం దూరం ఇటుకల లారీలో వచ్చిన ఆ చేపలావిడ, రొప్పుతూ ఐసు పెట్టె కౌంటరు మీద దించి అడిగింది: "ఉయ్యూరు మార్తగారిది అర్జెంటన్నారు... ఇంకా టైముందా అమ్మా?"