తీగ అంచు

"ప్రతి గీతా నేను చెక్కిందే!" అన్నాడు ఐరిష్ చిత్రకారుడు డోలన్, తన కాగితాలూ, చెక్కమీద చెక్కి కాగితంమీద అచ్చువేసిన బొమ్మలూ మిషిగన్ లైబ్రరీకి అప్పగిస్తూ. అది 1983.

ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసిన సుభాషిణి కూడా అక్కడికి వచ్చింది. వాటిలోంచి ఒక బొమ్మ తీసింది. "వకుళా, ఈ అంచున తీగ చదువమ్మా."

"తీగని చదవడమేంటి ఆంటీ?" లైబ్రరీ ఉద్యోగిని వకుళ భూతద్దం పెట్టి చూసింది. "అయ్యో, ఈ మెలికలన్నీ తెలుగు అక్షరాలే! 'చెక్కింది సుభాషిణి' అనుంది!"

"కాగితంమీద సరిగ్గా పడాలని చెక్కమీద తిరగేసి చెక్కాను. పదిహేనేళ్లు ఎదురుచూశాను, ఈయన ముందు చదివించాలని."

వకుళ ఇంగ్లీషులో చెప్పింది. డోలన్ మొహం మాడిపోయింది. తీగ కిందే పెన్సిల్‌తో ఆయన సంతకం.

సుభాషిణి ఆయన చేతిలో రబ్బరు పెట్టింది.

"నా పేరు అచ్చులో ఉంది, పోదు. మీది చెరుపుకోండి."