ఫొటోలో జెండా

ఆ ఉదయం ఆకాశం బూడిద పూసిన మూకుడులా ఉంది. మూడు రోజులుగా అంతే. ఎండా లేదు, వానా లేదు.

ఎండ లేనిదే రంగు నిజం చెప్పదు. రంగుల మేస్త్రికి ముప్పై ఏళ్లుగా తెలిసిన సంగతే. ఆకాశం మీది కోపం ఎవరి మీద చూపాలో తెలియక డబ్బా మూతల మీద చూపిస్తున్నాడు.

షెడ్డు మధ్యలో పాత ఆవిరి ఇంజను నిలబడి ఉంది. తుప్పు వదిలించినవాళ్లు పాత రంగు పొరలు కూడా గీకేసి ఇనుము దాకా తేల్చారు. ఇక మిగిలిన సాక్ష్యం అరవై ఏళ్ల కిందటి నలుపు తెలుపు ఫొటో ఒక్కటే. దాన్ని తలుపంత పెద్దది చేయించి గోడకు కొట్టారు. ఇంజను ఆనాడు ఎలా ఉందో అచ్చం అలాగే జనానికి చూపించాలి.

మేస్త్రికి ఇదే ఆఖరి పని. తను పోయాక కూడా నిలబడేది ఈ ఇంజనే.

ఒళ్లంతా నలుపు, అంచుల్లో తెల్ల గీత. ఫొటో అదే చెప్పింది, మేస్త్రి అదే నమ్మాడు.

నలుపు సులువుగానే వచ్చింది. గీతే ఏడిపిస్తోంది. మూల తిరిగే ప్రతిచోటా అది చిన్న కొక్కెంలా ఎడమకు వాలుతుంది. ఎడమచేతి వాటం పని. రెండు వారాలు రేకు ముక్కల మీద సాధన చేసినా అతని కుడిచేతికి ఆ వాలు పట్టుబడలేదు. ఆ చెయ్యి ఎవరిదో గానీ, దొరికితే కాళ్లకు దండం పెడతానని పనివాళ్లతో అంటూండేవాడు.

పైగా వచ్చినవాడల్లా సలహా. టీ తెచ్చేవాడు ఆకుపచ్చ అన్నాడు. గుమాస్తా వాళ్ల మామయ్య చెప్పాడని పసుపు అన్నాడు. విసిగిపోయి మేస్త్రి తలుపు మీద సుద్దతో రాశాడు: రంగు గురించి ఎవరూ నోరు తెరవకూడదు.

ఆ రాత పక్కనుంచే ఎనభై దాటిన ముసలామె ఒకతె లోపలికి వచ్చింది. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, రేకు ముక్కల మీది నలుపు చూసింది.

"నలుపు కాదు నాయనా. ఎరుపు. ఎండిన నెత్తురు లాంటి ఎరుపు. గీత నీలం."

"తలుపు మీద రాసింది చూడలేదా?"

"చూశాను. ఫొటో కూడా చూశాను. ఆనాటి ఫొటోకి ఎరుపంటే కన్ను లేదు, నల్లగా చూపిస్తుంది. లేత నీలాన్ని తెల్లగా చూపిస్తుంది."

"ఫొటోకి లేని కన్ను నీకుందా? కళ్లలో పొరలు పెట్టుకుని నాకు రంగు నేర్పుతావా?"

"ఆ ఫొటోలో గార్డు చంకలో జెండా..."

"అసలు ఈ ఇంజను సంగతి నీకేం తెలుసు?"

"ఇక్కడే పనిచేశాను."

"ఏం పని? మసి తుడిచేదానివా?"

"మసి కూడా తుడిచాను" అంది.

పనివాళ్లు నవ్వారు. మేస్త్రి కాపలావాణ్ణి కేకేసి, ఈమెను గేటు దాటించమన్నాడు. ఆమె చెయ్యి పట్టనివ్వలేదు, తనే నడిచింది. రేకు మీది గీతల దగ్గర ఆగి, మణికట్టు అంత బిగించకు అని చెప్పి పోయింది.

ఆ మాటతో మేస్త్రి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. అతను తలుపు గడియ పెట్టించాడు. ఆ మర్నాడు గేటు దగ్గరే ఆపించాడు. తర్వాత ఆమె రాలేదు. పీడా పోయిందనుకుని ఇంజనుకు రెండు పూతలు నల్ల రంగు, పైన తెల్ల గీత వేశాడు.

ప్రదర్శన ప్రారంభం నాడు ఎండ విరగకాసింది. చప్పట్లు మోగాయి. ఫొటోలు తీసేవాడు, పాత ఫొటోలో ఉన్నట్టే ఉండాలని ఒక గార్డును తెచ్చి ఇంజను పక్కన నిలబెట్టాడు. గార్డు చంకలో చుట్టిన జెండా.

ఎర్ర జెండా.

మేస్త్రి గోడ మీది ఫొటో వైపు తిరిగాడు. అక్కడి గార్డు చంకలో జెండా, ఇంజనంత నల్లగా ఉంది.

రైలు పుట్టిననాటి నుంచి ఏ గార్డూ నల్ల జెండా పట్టలేదు.

ముప్పై ఏళ్లుగా రోజూ చూసిన జెండా. నెలల తరబడి భూతద్దం పెట్టి చూసిన ఫొటో. రెండింటినీ ఒక్కనాడూ కలిపి చూడలేదు.

పెద్దాఫీసరుకు చెప్పాడు. ఎవరికి తెలుస్తుందయ్యా, నలుపు దిట్టంగానే ఉందిగా అని ఆయన ఫొటోకు నిలబడటానికి వెళ్లిపోయాడు. మేస్త్రి తనకు వేసిన పూలదండను చెత్త పీపాలో పడేశాడు. ఇప్పుడు కోపానికి ఎదుట ఎవరూ లేరు, తను తప్ప.

కాపలావాణ్ణి అడిగి ఆ ముసలామె ఇల్లు తెలుసుకున్నాడు. రైలు కట్ట వెనక, రెండు గదులు. ఆమే తలుపు తీసింది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు.

"రంగు ఆరిపోయిందా?"

"ఆరిపోయింది."

తిడుతుందని వచ్చాడు. తిడితే బాగుండేది. అన్నం వేళయింది, చేతులు కడుక్కో అంది.

రెండు కంచాలు పెట్టింది. కంచం నుంచి తలెత్తడానికి మేస్త్రికి చాలాసేపు పట్టింది.

ఎదురుగా వంటింటి గుమ్మం. ఎండిన నెత్తురు లాంటి ఎరుపు, దాని చుట్టూ సన్నని నీలి గీత. మూల తిరిగే ప్రతిచోటా ఆ గీత చిన్న కొక్కెంలా ఎడమకు వాలి ఉంది. దాని కింద కూర్చుని ఆమె, తలవంచుకుని, ఎడమచేత్తో ముద్ద కలుపుకుంటోంది.