తోడుకోని పాలు

"పాలల్ల పొడి కలిపేది ఎవలో ఇయ్యాల తేలాలె. తేలినంక ఆ మనిషి మళ్ళ ఈ గడప తొక్కొద్దు. నిన్ననే చెప్పిన గద," అన్నాడు డాక్టర్ శంకర్రావు, స్పిరిటు దీపం ముట్టిస్తూ.

ఎదురుగా దవాఖానకు పాలు పోసే ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఒకరు ముద్ఖేడ్ నుంచి పొద్దుటి రైలుకు వచ్చే వెంకవ్వ. రెండోవాడు నాందేడ్‌లోనే పదిహేను బర్రెలున్న దిగంబర్. వంటమనిషి కాశీబాయి ఇద్దరి పాలూ ఒకే గంజులో పోసి కాస్తుంది. ఆ పాలకు తోడేస్తే రెండు రోజులైనా పెరుగు కాలేదు. మండే ఎండాకాలంలో పుల్లబడనూ లేదు. బోరిక్ పొడి పని అది. నీళ్ళలో కలిపి కళ్ళు కడుక్కోవలసిన మందు కాస్తా బాలింతల కడుపుల్లోకీ, వాళ్ళ పాలు చాలని పసికందుల కడుపుల్లోకీ పోతోంది.

వెంకవ్వకు బెదురు లేదు. ఉన్నవి రెండే బర్రెలు, ఇల్లు గడిచేది ఈ దవాఖాన పాల మీదే. అయినా కలపనిదానికి భయమెందుకని ఆకు, వక్క నములుతూ ధీమాగా నిలబడింది.

"అగో వెంకవ్వా, నీ పాలల్ల ఈగ పడ్డది సూడు!" అన్నాడు దిగంబర్. ఆమె వంగేలోపలే తన రెండు వేళ్ళు ముంచి తీసి గోడవతల విదిలించాడు. వేళ్ళు ధోవతికి తుడుచుకున్నాడు.

"సల్లగుండు అన్నా," అంది వెంకవ్వ. ఇన్నేళ్ళలో అతను ఆమెకు చేసిన ఉపకారం అదొక్కటే. పాపం, మనసారా దీవించింది.

డాక్టర్ ఆమె పాలు కొన్ని గిన్నెలో పోసి, నాలుగు చుక్కలు తేజాబు, అంటే ఘాటైన ఆమ్లం, వేశాడు. పసుపు కలిపిన స్పిరిటులో నానబెట్టి ఆరబెట్టిన కాగితపు ముక్కను అందులో ముంచి, దీపానికి పైగా పట్టుకుని ఆరబెట్టాడు. పచ్చటి కాగితం చూస్తూ చూస్తూ ఎర్రబడింది.

"అరెరె!" అన్నాడు దిగంబర్. ఆ జాలి అతని గొంతులో ఉంది గానీ మొహంలో లేదు.

"ఏంది సాబ్, ఎర్రగయితే ఏమాయె?" అంది వెంకవ్వ. "పసుపుకు సున్నం తగిల్తే ఎర్రగ గాదా? దిష్టి నీళ్ళు ఎన్నడు సూడలేదా మీరు? నేను పాన్ తింటా. నా చేతి సున్నం అంటిందేమో."

డాక్టర్ నవ్వలేదు. "నువ్వన్నది నిజమే. అందుకే ఇంకొకటి జేస్తరు. అది సున్నం ఎరుపయితే, ఇంత సున్నం పెట్టినా ఎర్రగనే ఉంటది. బోరిక్ ఎరుపయితే నల్లటి ఆకుపచ్చకు తిరుగుతది. నీ డబ్బీ ఇయ్యి."

ఆమె సున్నం డబ్బీ ఇచ్చింది. డాక్టర్ కాస్త సున్నం నీళ్ళలో తడిపి కాగితం మీద పూశాడు. ఎర్రటి కాగితం నల్లటి ఆకుపచ్చకు తిరిగింది. కాశీబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెంకవ్వ తల దించలేదు. "పాలల్ల ఉంటే ఉండొచ్చు సాబ్. నేనయితే ఎయ్యలే. నా బర్రెల మీద ఒట్టు."

"మరి ఎవలు ఏసిన్రు? నీ బర్రె ఏసిందా?" అన్నాడు దిగంబర్. "సాబ్, నా పాలు గూడ చూడుండ్రి. మళ్ళ నా మీద ఎవలు మాట అనొద్దు. కాగితం ఇటియ్యుండ్రి, అందరు సూస్తుండగ నేనే ముంచుత!"

నిన్న మాట విన్నవాడు ఇవాళ ఎలాంటి పాలు తెస్తాడో చెప్పాలా? అప్పుడే పిండిన గుమ్మపాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. డాక్టర్ వాటిలో తేజాబు చుక్కలు వేసి, కాగితం ముక్క అతని చేతికిచ్చాడు. దిగంబర్ పై కొసను రెండు వేళ్ళతో పట్టుకుని మిగతాదంతా నిలువునా ముంచాడు. తడి అతని వేళ్ళ దాకా పాకింది. కాగితాన్ని దీపానికి పైగా తనే పట్టుకుని, దేవుడికి హారతి ఇస్తున్నంత శ్రద్ధగా అటూ ఇటూ తిప్పి ఆరబెట్టాడు.

"సూడుండ్రి! పచ్చగనే ఉన్నది. బంగారం లెక్క!" అని కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

నిజమే, పాలలో మునిగినంత మేరా పచ్చగానే ఉంది. డాక్టర్ ముఖం తేలికపడింది. "వెంకవ్వా, రేపటి నుంచి నువ్వు..." అంటూ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, ఆగిపోయాడు.

దిగంబర్ పట్టుకున్న పై కొస ఎర్రగా ఉంది. ముందూ వెనకా రెండు వేలిముద్రలు, అచ్చు గుద్దినట్టు.

"ఇదేంది?"

దిగంబర్ వేళ్ళు మళ్ళీ ధోవతికి తుడుచుకున్నాడు. "అది... నేను గూడ పాన్ తిన్న సాబ్. సున్నం... సున్నం అంటింది గావచ్చు."

వెంకవ్వే తన డబ్బీలోంచి ఇంత సున్నం తీసి, తడిపి, ఆ రెండు వేలిముద్రల మీద రాసింది. అవి నల్లటి ఆకుపచ్చకు తిరిగేదాకా చూసి, తీరిగ్గా అతని వైపు తిరిగింది.

"అన్నా, నా పాలల్లకెల్లి తీసినవ్ గద, ఆ ఈగ ఏది? ఒక్కసారి సూపియ్యరాదు!"