వాసంతి స్లైడు

నాలుగోసారి ల్యాబ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు ఆ మనిషి.

అరవై దాటి ఉంటాయి. ఒంటి మీద సెక్యూరిటీ గార్డు యూనిఫాం.

"అమ్మా, వాసంతి మేడం పరీక్ష అయిందా?"

"అయ్యాక చెప్తామన్నాను కదా. కూర్చోండి," అంది ల్యాబ్ టెక్నీషియన్ నీహారిక.

అతను కూర్చోలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపించే కిటికీ దాకా నడిచాడు. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు.

నీహారికకూ స్థిమితం లేదు. పొద్దుటి నుంచి డాక్టరు మూడుసార్లు ఫోన్ చేశాడు.

వాసంతికి ఏడాది క్రితం కిడ్నీ మార్చారు. ఇప్పుడది దెబ్బతింటోంది. శరీరం దాన్ని ఒప్పుకోకపోతే, రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మందులు పెంచాలి. వైరస్ పట్టి ఉంటే అవే మందులు తగ్గించాలి.

పొరబడితే కిడ్నీ పోతుంది.

అందుకే కిడ్నీ నుంచి తీసిన చిన్న ముక్కను పల్చగా కోసి గాజు స్లైడు మీద పరిచింది. ఆ వైరస్‌కు మాత్రమే అతుక్కునే డీఎన్ఏ తునకకు, అంటే ప్రోబ్‌కు, ఒక గుర్తు తగిలించి నిన్న ఆ స్లైడు మీద వేసింది. వైరస్ ఉంటే, రంగు మందు పోయగానే ఆ గుర్తు ఉన్నచోట నీలి చుక్కలు తేలాలి.

రంగు మందు పోసి అరగంటయింది. ఒక్క చుక్కా లేదు.

"జర చెప్పమ్మా. బతుకుతడా?"

"బతుకుతడా ఏంటి? పేషెంటు ఆవిడ కదా."

అతను తల దించుకున్నాడు.

"అసలు ఆవిడకు మీరేమవుతారు?"

"ఏం గానమ్మా."

"మరి ఎందుకొచ్చారు?"

"ఫికరైతుందమ్మా. ఇంట్ల నిలవబుద్ధి గాలె."

"బయటివాళ్లకు రిపోర్టు చెప్పకూడదు. ఇక వెళ్లండి, నన్ను పని చేసుకోనివ్వండి."



"మంచిదమ్మా," అని మెట్లు దిగాడు.

నీహారిక మైక్రోస్కోపులో కన్ను పెట్టింది.

ఒక కణం మధ్యలో లేత నీలం. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పక్క కణంలో ఇంకొకటి. తర్వాత వరసగా ఆరు.

వైరస్ లేదని ముందే తెలిసిన వేరే స్లైడుతో పోల్చుకుంది. అందులో ఏమీ లేదు.

"వైరసే సార్," అంది ఫోన్లో.

"ఈ పూటే మందులు తగ్గిస్తాను. తొందరగా దొరికింది, కిడ్నీ నిలబడొచ్చు," అన్నాడు డాక్టరు.

ఫోన్ పెట్టేశాక ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. అంతలా కసిరి ఉండాల్సింది కాదనిపించింది. గబగబా కిందికి దిగింది.

"ఇప్పుడే బోరబండ బస్సెక్కిండు మేడం. డ్యూటీకి టైమైందట," అన్నాడు టీ బండి రాజు.

మధ్యాహ్నం రిపోర్టు కోసం కూకట్‌పల్లి నుంచి వాసంతి భర్త వెంకటనారాయణ వచ్చాడు. సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొమురయ్య గారికి చెప్పారా అండి? పొద్దున్నే ఇక్కడికి వచ్చి ఉంటారు."

"లేదండి. మీకేమీ కానన్నారు, పంపించేశాను."

"మాతోనూ అంతేనండి. ఇంటికి పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, మా ఆవిణ్ణి ఓసారి చూసి వెళ్లిపోతారు."

"ఎవరండీ ఆయన?"

వెంకటనారాయణ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"బండి ప్రమాదంలో పోయిన వాళ్లబ్బాయి శివ కిడ్నీయే అండి, ఇప్పుడు మా ఆవిడ ఒంట్లో ఉన్నది."