తోమినకొద్దీ నలుపు

ఆరేసిన కలంకారీ దుప్పట్ల వెనక నిలబడి, దివ్యశ్రీ చేతి అద్దంలో తన పళ్ళు చూసుకుంది.

నిన్నటికన్నా నల్లగా ఉన్నాయి.

అద్దాన్ని బోర్లా పెట్టేసింది.

స్కూళ్ళు తెరవడానికి ఇంక వారమే ఉంది. ఈసారి ఆరో తరగతి. పెడన హైస్కూల్లో అందరూ కొత్తవాళ్ళే.

"నేను వెళ్ళను," అంది ఇంట్లోకొచ్చి.

ఈ సెలవుల్లో పిల్లకి నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం వచ్చేస్తోంది. టీవీలో పళ్ళ పేస్టు ప్రకటన వస్తే టీవీ కట్టేస్తోంది. ఎవరైనా పేరడిగితే "దివ్య" అని పెదవి విప్పీ విప్పకుండా చెప్పి ఊరుకుంటోంది.

'శ్రీ' అన్నామంటే పళ్ళన్నీ బయటపడతాయి మరి.

నాయనమ్మ ముత్యాలమ్మకి ఇది పరువు సమస్యయి కూర్చుంది. స్కూళ్ళు తెరిచేలోపు ఇంట్లో పిల్లల పళ్ళు తళతళలాడించే బాధ్యత ఏటా ఆవిడదే. కరక్కాయ, ఉప్పు, లవంగాలు రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించిన పొడి. దాన్ని మించిన పొడి లోకంలో లేదని ఆవిడ నమ్మకం.

"ఈ వయసులో కూడా చెరుకుగడ నమిలి పారేస్తాను నేను. నా పొడికి లొంగని నలుపా!"

పొద్దున తోమించేది. సాయంత్రం తోమించేది. పిల్ల పాలిపోయిందని ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చిన టానిక్ తాగి, ఛీ ఇనప వాసన అని మొహం చిట్లిస్తే, అప్పటికప్పుడు ఇంకోసారి తోమించేది.

తోమినకొద్దీ నలుపే.

పక్కింటి కొండమ్మ వచ్చి పిల్ల నోట్లోకి తొంగి చూసింది.

"అన్నీ పుచ్చిపోయాయి రత్నకుమారీ. పీకించెయ్యాల్సిందే. అసలే ఆడపిల్ల..."

దివ్యశ్రీ తల్లి రత్నకుమారి ఆ మాట పూర్తి కానివ్వలేదు. అచ్చులు వేసే బల్ల దగ్గర్నుంచి లేచి చేతులు కడుక్కుంది.

"బందరు వెళ్తున్నాం అత్తయ్యా. మీరూ రండి."

"పళ్ళ డాక్టరు దగ్గర నాకేం పని?" అంటూనే ముత్యాలమ్మ అందరికంటే ముందు బస్సెక్కింది. పొడి డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

బందర్లో పళ్ళ డాక్టరు పార్వతిది చిన్న వయసే. ఆ కుర్చీని చూడగానే దివ్యశ్రీ అరచెయ్యి నోటికి అడ్డం వచ్చేసింది.

"పీకేస్తారా?" అంది చేతి చాటునుంచి.

"ముందు చూడనీ తల్లీ."

సన్నటి ఇనప పుల్లతో ఒక్కో పన్నూ తట్టింది డాక్టరు. ఆ చప్పుడు వింటూ రత్నకుమారి కొంగు నలిపేస్తోంది.

"గట్టిగా ఉన్నాయండీ. ఇది పుచ్చు కాదు, పైన పట్టిన మరక. ఐరన్ టానిక్ ఏమైనా తాగుతోందా?"

"తాగుతోందండీ."

"అదీ సంగతి. కానీ టానిక్ మరక ఇంత నల్లగా ఉండదే! దేంతో తోముతున్నారు?"

ముత్యాలమ్మ గర్వంగా డబ్బా చాపింది.

"కరక్కాయ పొడమ్మా. టానిక్ తాగీ తాగగానే నేనే దగ్గరుండి..."

అక్కడితో ఆగిపోయింది.

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఇంట్లో రోజూ జరిగే పనే అది. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. దానిమీద తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తారు. అచ్చు పడ్డచోటల్లా కాటుక నలుపు. ఎన్నిసార్లు ఉతికినా పోదని కొనేవాళ్ళకి ఒట్టేసి మరీ చెబుతారు.

"ఓసి నా తల్లో! పిల్ల పళ్ళకి అద్దకం వేసేశానే!"

ముందు రత్నకుమారికి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళ దిగులూ ఒక్కసారిగా దిగిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. సంగతి విన్నాక డాక్టరూ నవ్వింది.

"ఇంత చక్కగా పట్టిన రంగు నేనెక్కడా చూళ్ళేదు మామ్మగారూ."

దివ్యశ్రీ ఒక్కతే నవ్వలేదు.

"మన నలుపు ఎన్నిసార్లు ఉతికినా పోదంటావుగా నాయనమ్మా?"

ముత్యాలమ్మ మొహం చిన్నబోయింది.

"గుడ్డ రంగు తాగుతుందమ్మా. పన్ను అలా తాగదు," అంది డాక్టరు. "నోరు తెరు."

మరక తీసే మిషను గుర్రుమంది. దివ్యశ్రీ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. తల్లి ఆ పిల్ల పాదం పట్టుకుంది.

మరకంతా పోయాక వెనక దంతంలో చిన్న గుంట బయటపడింది.

"ఇది మాత్రం మీ నాయనమ్మ పుణ్యం కాదు. చాక్లెట్లు మానెయ్," అంటూ డాక్టరు ఆ గుంట పూడ్చేసింది. టానిక్ ఇక స్ట్రాతో తాగి నోరు పుక్కిలించాలంది. పొద్దునా, రాత్రి అన్నం తిన్నాకా బ్రష్షుతో తోముకోవాలంది.

ముత్యాలమ్మ డబ్బా మూత బిగించింది.

"దీన్ని గుడ్డలకే ఉంచుతాలే తల్లీ."

డాక్టరు అద్దం ఇచ్చింది. దివ్యశ్రీ చాలాసేపు తిరిగివ్వలేదు.

స్కూలు తెరిచిన రోజు, కోదండరామయ్య మాస్టారు ఆరో తరగతిలో ఒక్కొక్కరినీ లేపి పేరు అడుగుతున్నారు. మనవరాలిని దింపడానికొచ్చిన ముత్యాలమ్మ ఇంటికి వెళ్ళకుండా కిటికీ దగ్గరే నిలబడింది.

దివ్యశ్రీ వంతు వచ్చింది.

లేచి నిలబడుతుంటే అలవాటు కొద్దీ చెయ్యి నోటి దాకా లేచింది.

సగంలో ఆగింది. కిందికి దిగింది.

"దివ్యశ్రీ అండీ."

"దివ్యా?" అన్నారు మాస్టారు తలెత్తకుండా.

"కాదండీ. దివ్యశ్రీ!"

ఆఖరి బెంచీ దాకా వినిపించింది.

మాస్టారు ఇంకొక్కసారి అడిగితే బాగుణ్ణని ముత్యాలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది.