మామగారి కొత్త గొంతు

శనివారం డాక్టరు వచ్చేలోపు మామగారికి గొంతు తెచ్చిపెట్టాలి. అల్లుడి చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

అసలు గొంతు పోయి ఆరేళ్ళయింది. కండరాల జబ్బు కాళ్ళ దగ్గర మొదలై చేతుల్నీ, చివరికి నాలుకనీ పట్టేసింది. మిగిలినవి రెండు కళ్ళు. అవీ ఎప్పుడూ అదురుతూనే ఉంటాయి కాబట్టి ఏ చూపు దేనికో మనుషులకు అంతుపట్టదు. కంప్యూటరుకు తగిలించిన కెమెరాకి మాత్రం తెలిసేది. తెర మీద ఆయన ఏ అక్షరం వైపు చూస్తే ఆ అక్షరం పడేది.

బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మైకు పట్టుకుని డ్రైవర్ల మీద కేకలేసిన మనిషి. మంచాన పడ్డా ఆ దురుసు పోలేదు. "ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అని రాయడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టేది. ఆపాటికి టీ చల్లారి నిజంగానే అలా తయారయ్యేది.

ఆ కంప్యూటరు సోమవారం కాలిపోయింది. కొత్తది కొన్నారు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. పాత ప్రోగ్రాములు ఒక్కటీ అందులో ఎక్కవు.

అల్లుడికి ఇలాంటి పనులంటే సరదా. ఫొటోలకు, పాటలకు, ఉత్తరాలకు, ఆఖరికి అత్తగారి పేకాటకు కూడా గంటలో బదులు వెతికేశాడు. కళ్ళతో రాసేదానికి మాత్రం దొరకలేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

డాక్టరు అడగబోయేది ఒకటే ప్రశ్న. ఊపిరితిత్తులు అలిసిపోయాయి. గొంతుకు ఆపరేషన్ చేసి ఊపిరి యంత్రం బిగిస్తే ఇంకో నాలుగైదేళ్ళు. వద్దంటే నెల తిరగదు. ఏదైనా చెప్పాల్సింది మామగారే. ఇంకెవరి మాటా చెల్లదు.

"నాన్న ఆపరేషనే కావాలంటాడు, చూడండి. బతకడమంటే పడిచస్తాడు" అంది కూతురు.

"ఏమోనే, ఆయన మనసులో ఏముందో" అంది అత్తగారు.

గురువారం దొరికింది. పాతదాని తలదన్నే ప్రోగ్రాము. దానికోసం కొత్త కెమెరా కూడా తెప్పించాడు. తల్లీకూతుళ్ళిద్దరూ నెత్తిన నిలబడి తొందరపెడుతుంటే, తెర మీద అడిగిన ప్రతిదానికీ 'సరే' నొక్కుకుంటూ పోయాడు.

"ఇకమీదట అక్షరాలు ఏరుకోనక్కర్లేదు మామయ్యా! మేం అడిగింది ఇది వింటుంది. జవాబు ఇదే రాసి మీకు చూపిస్తుంది. నచ్చితే ఊరుకోండి. ఐదు సెకన్లాగి పైకి చదివేస్తుంది."

"నచ్చకపోతే?" అంది అత్తగారు.

"కుడి మూల ఎర్ర గడి ఉంది కదా అత్తయ్యా. అటు చూస్తే చాలు. కెమెరా కనిపెట్టి కొట్టేస్తుంది, ఇంకోటి రాస్తుంది."

అత్తగారు చెంచాతో టీ పట్టి, బెరుకుగా అడిగింది.

"టీ ఎలా ఉందండీ?"

తెర మీద వాక్యం వచ్చింది. ఐదు సెకన్లు గడిచాయి. వార్తలు చదివే మనిషిలా చక్కటి గొంతు పలికింది.

"చాలా బాగుంది. నీకు ఎంత శ్రమ ఇస్తున్నానో!"

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ ముక్క వినడం ఆమెకు అదే మొదలు. వంటగదిలోకి వెళ్ళి, సింకు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"నాన్నా, నేనంటే ఇష్టమేనా?" అంది కూతురు, చిన్నపిల్లలా.

"నువ్వే నా ప్రాణం తల్లీ."

అల్లుడు తన భుజాలు తానే చరుచుకున్నాడు.

ఆ రెండు రోజులూ ఇంట్లో తిట్లు లేవు. అడిగిన వెంటనే జవాబు, జవాబు నిండా ప్రేమ. జబ్బు మనిషిని మెత్తబరిచిందన్నారు. కూతురైతే మంచానికి కుడిపక్కన కుర్చీ వేసుకుని కదల్లేదు.

"చూడమ్మా, నాన్న నా మీంచి చూపు తిప్పట్లేదు!"

"నన్నెప్పుడూ అలా చూసిన పాపాన పోలేదు" అంది అత్తగారు, కాస్త కుళ్ళుకుంటూనే. ఆయన కళ్ళలోంచి ఆగకుండా నీళ్ళు కారుతుంటే, మండుతున్నాయేమోనని చుక్కల మందు వేసింది.

శనివారం డాక్టరు వచ్చాడు. జాగ్రత్తపరుడు. విషయమంతా విడమరిచి చెప్పి అడిగాడు.

"ఆపరేషన్ చేయించుకుంటారా?"

ఐదు సెకన్లు.

"వద్దు డాక్టరుగారూ. చాలా అలిసిపోయాను. నావాళ్ళను ఇంకా కష్టపెట్టలేను."

"నాన్నా! ఇంకోసారి ఆలోచించు నాన్నా!" కూతురు మంచం కోడు పట్టుకుంది. ఆయన చూపు ఆమె వైపే ఉంది, బుగ్గల మీదుగా ధార కారిపోతోంది. వదిలి వెళ్ళలేక వెళుతున్నాడని ఆమె గుండె పగిలింది.

డాక్టరు మాటలు మార్చి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు, అంతే మర్యాదగా. కాగితం మీద రాసుకుని, అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు.

"ఇంత ప్రశాంతంగా నిర్ణయం తీసుకున్నవాళ్ళను నేను చూడలేదు" అన్నాడు వెళుతూ.

పంతొమ్మిదో రోజున మామగారు పోయారు. ఆఖరి మాటలు దక్కాయన్న తృప్తి ఇంటిల్లిపాదికీ మిగిలింది. ఆ మాటలన్నీ కూతురు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది.

నెల తర్వాత, అదే జబ్బుతో మంచాన ఉన్న ఇంకొకాయన భార్య ఆ సామానంతా తమకిమ్మని అడిగింది. పుణ్యం వస్తుంది ఇచ్చేయమంది అత్తగారు. అల్లుడు తీగలు ఊడదీసి చుట్ట చుట్టాడు. కంప్యూటరు తుడిచి పక్కన పెట్టాడు.

కెమెరాను అట్టపెట్టెలో సర్దబోతూ వెలుతురులో ఇటు తిప్పి చూస్తే, దాని కంటి మీద కంపెనీవాళ్ళు అంటించి పంపిన నల్ల స్టిక్కరు అంచైనా లేవకుండా అలాగే ఉంది.