కొంగకు అడ్డొచ్చిన నీడ

ఏటా సముద్రం నుంచి పులసలు ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వచ్చే ఏరు అది. గట్టు మీది చెట్ల నీడ వల్ల చేపలు సరిగా కనిపించడం లేదని అక్కడి కొంగకు ఒకటే విసుగు.

"మామా, పులసలు వచ్చేలోగా ఈ చెట్లు పీకి పడేయవా?" అని ఏనుగును బతిమాలింది. ఏనుగుకు పని దొరికితే చాలు. మూడు రోజుల్లో గట్టంతా బోడి చేసింది.

పులసలు వచ్చాయి. ఎండకు కాగిన ఏట్లో ముందున్న పెద్ద పులస మూతి పెట్టి చూసింది.

"కాన్పు కాకముందే వేణ్ణీళ్ళు కాచిపెట్టారు. పదండర్రా పోదాం," అని మందనంతా వెనక్కి తిప్పింది.

ఇప్పుడు కొంగకు ఏటి అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. రెండు రోజులు ఖాళీ కడుపుతో వాటినే చూస్తూ నిలబడింది.

మూడో రోజు ఏనుగు కూడా ఎండకు తాళలేక వచ్చి నీళ్ళలో నిలబడింది. కాసేపటికి దాని పొట్ట కింద నీడలోకి, వెనకబడిపోయిన నాలుగు పులసలు వచ్చి చేరాయి. కొంగ మెడ చాచింది.

"నా నీడ అడ్డొస్తోందా? తప్పుకోనా?" అంది ఏనుగు.

"వద్దు మామా," అంది కొంగ. "ఆ చెట్లు మళ్ళీ పెరిగేదాకా అక్కడే నిలబడు."